చెరువు హంస, చుక్కల హంస

డిసెంబరులో ఒక రోజు తెల్లవారుజామున నాలుగింటికి భిలాయి సెక్టర్ 6లో బయల్దేరి, బెమెతరా జిల్లాలోని గిధ్వా చెరువు గట్టెక్కేసరికి ఇంకా చీకటిగానే ఉంది. ట్రైపాడ్ నిలబెట్టి, చేతులు చంకల్లో దోపుకుని కూర్చున్నాను. ఆరున్నర కావస్తుండగా పొలాల వైపు నుంచి ముక్కుతో పలికినట్టున్న అరుపులు వినబడ్డాయి. తర్వాత ఆకాశంలో ఒక వంకర గీత కనిపించింది. దగ్గరయ్యే కొద్దీ అది పక్షుల బారుగా మారింది. చెరువు మీద ఒక చుట్టు చుట్టి, కాళ్లు ముందుకు చాపి, ఒకదాని వెనక ఒకటి నీళ్లలో దిగాయి. లేత బూడిద రంగు ఒళ్లు, పసుపు నారింజ కలిసిన ముక్కు, కాళ్లు. తెల్లటి తలకి వెనకవైపు ఎవరో కాటుకతో గీసినట్టు రెండు అడ్డచారలు. గేదెలు తోలుకుంటూ వస్తున్న ఒక పెద్దాయన నా పక్కన ఆగి, రాజహంసలు వచ్చేశాయని ఛత్తీస్‌గఢీలో చెప్పి, తన దారిన తాను పోయాడు.

ఆ సాయంత్రం ఏడింటికి మళ్లీ అదే కెమెరాతో మా క్వార్టరు డాబా మీద ఉన్నాను. వాయవ్యంలో, చెట్ల కొమ్మలకు పైన, అయిదారు చుక్కలు శిలువ ఆకారంలో వాలి ఉన్నాయి. తోక పైకి, ముక్కు కిందికి. చలికాలపు సాయంత్రాల్లో హంస రాశి అలా ముక్కు ముందు పెట్టి పడమటికి దిగిపోతుంది. దీనిని పాశ్చాత్యులు సిగ్నస్ అంటారు. లాటిన్‌లో ఆ మాటకు అర్థం హంస అనే.

ఒకే రోజున, ఒకే కెమెరాలో రెండు హంసలు పడ్డాయి. ఇలాంటి రోజులు భిలాయిలో ఉండేవాళ్లకు ఏటా దొరుకుతాయి. ఆ సంగతి మనలో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. అందుకే ఈ వ్యాసం.

ముందు ఆ పెద్దాయన మాట ఒప్పా, తప్పా తేల్చుకుందాం. హంస అనగానే మన కళ్ల ముందు కనబడేది రవివర్మ 1899లో గీసిన ‘హంస దమయంతి’ బొమ్మలోని తెల్లటి, పొడుగు మెడ పక్షి. అలాంటి హంసలు యూరప్, మధ్య ఆసియా చెరువుల్లో ఉంటాయి. మన దేశానికి అవి క్రమంగా వచ్చే చుట్టాలు కావు. ఎప్పుడో ఒకసారి వాయవ్య సరిహద్దుల్లో దారి తప్పి కనబడతాయి. 2013లో హిమాచల్ ప్రదేశ్‌లోని పాంగ్ డ్యామ్ జలాశయంలో వూపర్ హంస కనబడితే పక్షులను గమనించే వారికి అది పెద్ద పండుగ. మరి మన కావ్యాల నిండా ఈదిన హంస ఏది? డచ్ పండితుడు వోగెల్ 1962లో భారతీయ సాహిత్యంలో, శిల్పంలో ఉన్న ఈ పక్షి మీద ఒక పుస్తకమే రాసి, దాని పేరులోనే పెద్దబాతు అని పెట్టాడు. సంస్కృత సాహిత్యంలోని పక్షుల గురించి 1985లో వచ్చిన కె.ఎన్. దవే గ్రంథం హంస అనే మాట కింద అసలు హంసలనూ, పెద్దబాతులనూ రెండింటినీ చేర్చింది. కాళిదాసు మేఘదూతంలో రాజహంసలు వానాకాలం మొదట్లో మానస సరోవరానికి ప్రయాణమవుతాయి. చలికాలమంతా మన చెరువుల్లో గడిపి, ఎండలు ముదిరేలోగా హిమాలయాలు దాటి టిబెట్ సరస్సులకు వెళ్లి గుడ్లు పెట్టే పక్షి నిజంగానే ఉంది. తల మీద రెండు నల్ల చారలున్న ఈ పెద్దబాతే అది. పక్షి శాస్త్రంలో దీని పేరు ఆన్సెర్ ఇండికస్. ఇంగ్లీషు వాళ్లు బార్ హెడెడ్ గూస్ అంటారు. వెళ్లే నెల దగ్గర కవి కొంచెం వెనకాముందు అయ్యాడు గానీ, దారి మాత్రం సరిగ్గా చెప్పాడు. కాబట్టి గేదెల పెద్దాయన మాట ఒప్పే. నలుడి కబురు దమయంతికి మోసిన బంగారు రెక్కల పక్షి శ్రీనాథుడి ఊహలో ఎలా ఉండేదో ఎవరూ చెప్పలేరు. మన నేల మీద రాజహంస అని పిలిపించుకునే హక్కు మాత్రం ఈ చారల తలకే ఎక్కువ ఉందని నా అభిప్రాయం.

రెండు మూడు కిలోల బరువుండే ఈ పక్షి చేసే ప్రయాణం సామాన్యమైనది కాదు. వీపున చిన్న పరికరాలు కట్టి శాస్త్రవేత్తలు వీటిని వెంబడించారు. ఒక పక్షి 7,290 మీటర్ల ఎత్తున ఎగిరినట్టు నమోదైంది. ఆ ఎత్తులో గాలిలో ప్రాణవాయువు మనం పీల్చే దానిలో సగానికన్నా తక్కువ. మనిషి నాలుగడుగులు వేసి ఆగిపోయే చోట ఇవి రెక్కలు కొడుతూ పోగలవు. వీటి రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఆల్ఫా గొలుసులో 119వ స్థానంలో, ఇతర పెద్దబాతులకు ప్రోలీన్ ఉండే చోట, అలనీన్ ఉంటుంది. ఆ ఒక్క అమైనో ఆమ్లం తేడాతో పలుచని గాలిలోనూ రక్తం ప్రాణవాయువును గట్టిగా పట్టుకుంటుంది. ఇంకో సంగతి ఫొటోలు తీసేవారు గుర్తుంచుకోదగ్గది. హిమాలయాలు దాటేటప్పుడు ఇవి పగటిపూట లోయల నుంచి పైకి వీచే గాలుల సాయం కోసం ఆగవు. ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున ఎగురుతాయి. చల్లని గాలి చిక్కగా ఉంటుంది, రెక్కకు బాగా ఆనుతుంది. అంటే ఈ పక్షి తన జీవితంలోని అతి కష్టమైన ప్రయాణాన్ని నక్షత్రాల కింద చేస్తుంది.

చెరువు దగ్గర కూడా వీటి దినచర్య రాత్రితో ముడిపడి ఉంది. చీకటి పడ్డాక శనగ, తివడా (కేసరి పప్పు) చేలల్లో మేస్తాయి. పగలు నీటి ఒడ్డున గుంపుగా విశ్రాంతి తీసుకుంటాయి. కనుక ఎగిరే ఫొటో కావాలంటే పొద్దు పొడిచే వేళ, పొద్దు గుంకే వేళ. ఈ రెండే అవకాశాలు. ఎగిరే పక్షి సెకనుకు సుమారు 18 మీటర్లు పోతుందనుకుందాం. షట్టర్ సెకనులో 2,000వ వంతు తెరుచుకుంటే ఆ కాసేపట్లో పక్షి ఒక సెంటీమీటరు కూడా కదలదు. బొమ్మ స్ఫుటంగా వస్తుంది. 250వ వంతు పెడితే ఏడు సెంటీమీటర్లు జరుగుతుంది, చారలు కలిసిపోతాయి.

తెల్లటి పక్షుల దగ్గర కెమెరా మీటరు ఎప్పుడూ ఒక పొరపాటు చేస్తుంది. దాని దృష్టిలో లోకమంతా సగటున బూడిద రంగే. ఫ్రేమ్ నిండా తెల్లటి పక్షి ఉంటే దాన్ని కూడా బూడిద చేయబోతుంది, అప్పుడు ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచాలి. నల్లటి నీళ్ల మధ్య పక్షి చిన్నగా ఉంటే నీళ్లను బూడిద చేయబోయి పక్షి తలను సున్నపు ముద్దలా తెల్లగా కాల్చేస్తుంది, అప్పుడు ఒక మెట్టు తగ్గించాలి. ఈ సూత్రం అసలు హంసలకూ, కొంగలకూ, మన ఊరి చెరువులో ఈదే పెంపుడు పెద్దబాతులకూ వర్తిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం దూరం. మెడలు ఒక్కసారిగా నిక్కబొడుచుకున్నాయంటే మనం ఎక్కువ దగ్గరికి వెళ్లామని అర్థం. వెనక్కి రావాలి. మంచు కొండలు దాటి వచ్చిన పక్షిని ఒక ఫొటో కోసం లేపి ఎగరగొట్టడం నాకు సహించదు.

ఇక పైన ఉన్న హంస.

మా నాన్న విజయనగరం వైపు నుంచి భిలాయి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చినవారు. రెండో షిఫ్టు ముగించుకుని రాత్రి పది దాటాక సైకిల్ మీద ఇంటికొచ్చేవారు. వేసవిలో క్వార్టరు ముందు మంచాలు వేసుకుని పడుకునేవాళ్లం. తూర్పున మూడు చుక్కలు వరసగా ఉండేవి, మధ్యది బాగా మెరిసేది. “అదిగో, శ్రవణ కుమారుడు కావడి మోసుకొస్తున్నాడు” అనేవారు నాన్న. శ్రవణా నక్షత్రాన్ని నేను అలా నేర్చుకున్నాను. వేంకటేశ్వర స్వామి నక్షత్రం అదేనని అమ్మ చేతులు జోడించేది. దానికి ఉత్తరంగా తెల్లగా, ఇంకా ప్రకాశంగా ఉండేది అభిజిత్తు. ఈ రెండింటితో త్రిభుజం గీస్తే ఈశాన్యం వైపు మూడో మూలగా ఒక చుక్క మిగిలేది. దాని పేరు నాన్నకు తెలియదు. అది డెనెబ్ అనీ, అరబ్బీలో తోక అని అర్థమనీ, అది హంస తోక అనీ నేను చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నాను.

పంచాంగం చూసే ఇంట్లో ఎవరికైనా హంసను చూపించడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు. శ్రవణం, అభిజిత్తు దొరికితే డెనెబ్ దొరుకుతుంది. డెనెబ్ నుంచి ఆ త్రిభుజం లోపలికి చూపు సాగిస్తే రొమ్ము దగ్గర సదర్, అక్కడ అటూ ఇటూ చాచిన రెక్కలు, పొడుగాటి మెడ, మెడ చివర ముక్కు దగ్గర ఆల్బిరియో. బాగా చీకటిగా ఉన్న చోట ఈ మెడ పొడవునా పాలపుంత ప్రవహిస్తూ కనబడుతుంది. హంస ఆకాశగంగ మీద దక్షిణానికి ఎగురుతోంది.

భిలాయి ఈ రాశికి చాలా అనువైన ఊరు. మన అక్షాంశం ఉత్తరాన 21.2 డిగ్రీలు. ఆల్బిరియో ఆకాశపు మధ్యరేఖకు ఉత్తరాన 28 డిగ్రీల దగ్గర ఉంది. తేడా ఏడు డిగ్రీలే కనుక ఆ ముక్కు దాదాపు మన నడినెత్తి మీదుగా సాగిపోతుంది. డెనెబ్ 45 డిగ్రీల దగ్గర ఉంది, కాబట్టి ఉత్తర దిక్కున 66 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. నెత్తిమీద ఉన్న నక్షత్రపు కాంతి అతి తక్కువ గాలి పొర దాటి వస్తుంది. ఫొటోకు అంతకన్నా మంచి చోటు లేదు.

అయితే మన ఊరికి ఇంకో వెలుగు ఉంది. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో కట్టిన ఈ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఆనాటి నుంచి ఈ ఊరి మీద రాత్రి పూర్తిగా నల్లబడలేదు. కరిగిన స్లాగ్ పారబోసినప్పుడల్లా మేఘాల అడుగు ఎర్రబడేది. చిన్నప్పుడు ఆ ఎరుపును చూస్తూ నిద్రపోయినవాణ్ణి. నాన్న చేసే పని ఆకాశంలో కనబడుతోందని గర్వపడినవాణ్ణి. ఆ వెలుగు మీద నాకు కోపం లేదు, మా అన్నం అందులోంచే వచ్చింది. నా బాధంతా వీధి దీపాలతో, పెళ్లి మండపాల ఫ్లడ్‌లైట్లతో, నేల మీద పడాల్సిన కాంతిని ఆకాశంలోకి చల్లే గోళాల దీపాలతో.

డాబా మీద నేను మొదట తీసిన హంస ఫొటో ఇప్పటికీ నా దగ్గరుంది. 50 మిల్లీమీటర్ల లెన్సు, 30 సెకన్ల ఎక్స్‌పోజర్. ఆకాశం నారింజ రంగు పులుముకుంది, చుక్కలు చిన్న చిన్న గీతలుగా సాగాయి. గీతలకు కారణం భూమి తిరగడం. డెనెబ్ ఉన్న చోట 30 సెకన్లలో ఆకాశం చంద్రబింబం వెడల్పులో దాదాపు ఆరోవంతు జరుగుతుంది. లెన్సు పొడవుతో 500ను భాగిస్తే వచ్చే సెకన్లు దాటకూడదని ఫొటోగ్రాఫర్ల లెక్క. 50కి పది సెకన్లు. ఇప్పటి కెమెరాలకు ఎనిమిది అయితే ఇంకా మంచిది. ఎనిమిది సెకన్లలో వచ్చే వెలుగు చాలదు గనక అలాంటి ఫొటోలు 64 తీసి, కంప్యూటర్‌లో నక్షత్రం మీద నక్షత్రం పడేలా పేర్చాలి. ఉచితంగా దొరికే సీక్వేటర్, డీప్‌స్కైస్టాకర్ ఆ పని చేస్తాయి. నక్షత్రపు వెలుగు 64 రెట్లు పోగవుతుంది, నాయిస్ మాత్రం ఎనిమిది రెట్లే పెరుగుతుంది. అంటే బొమ్మ ఎనిమిది రెట్లు శుభ్రపడుతుంది. పొద్దున చెరువు హంసకు సెకనులో 2,000వ వంతు, రాత్రి చుక్కల హంసకు మొత్తం 512 సెకన్లు. అదే కెమెరా కన్ను రెండో హంస కోసం పది లక్షల రెట్లు ఎక్కువసేపు తెరుచుకుని ఉండాలి.

ఫోకస్ చేత్తోనే చేయాలి. తెర మీద డెనెబ్‌ను పెద్దది చేసి చూసి, అది అతి చిన్న చుక్కగా మారేదాకా రింగు తిప్పాలి. అక్టోబరు, నవంబరుల్లో లెన్సు మీద మంచు పేరుకుంటుంది, మెత్తటి గుడ్డ దగ్గరుండాలి. కొత్త ఫోన్లలోని రాత్రి మోడ్ కూడా, ఫోన్‌ను గోడకు ఆనించి కదలకుండా ఉంచితే, హంస ముఖ్య నక్షత్రాలను పట్టగలదు. ముందు దాంతోనే మొదలుపెట్టమని పిల్లలకు చెబుతాను.

ఈ పనిని మన తెలుగు నేల మీద వందేళ్ల కిందట ఎంత ఓపికగా చేశారో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1887లో పారిస్‌లో చేరిన ఖగోళ శాస్త్రవేత్తలు ఆకాశాన్ని పట్టీలుగా కోసి, ప్రపంచంలోని వేధశాలలకు పంచి, మొత్తం ఆకాశాన్ని గాజు పలకల మీద ఫొటో తీయాలని నిర్ణయించారు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఇంగ్లండ్ నుంచి టెలిస్కోప్ తెప్పించి సొంత వేధశాలకు పునాది వేశారు. ఆయన మరణం తర్వాత నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని బేగంపేటకు మార్చింది. అదే నిజామియా వేధశాల. చాట్‌వుడ్, పొకాక్, ఆ తర్వాత టి.పి. భాస్కరన్ దాన్ని నడిపారు. ఎనిమిది అంగుళాల ఫొటో టెలిస్కోప్‌తో మొదట దక్షిణాకాశంలో 17 నుంచి 23 డిగ్రీల పట్టీని పూర్తి చేశారు. ఆ పని బాగా చేసినందువల్ల, జర్మనీలోని పోట్స్‌డామ్ వేధశాల ముగించలేకపోయిన ఉత్తరాకాశంలో 36 నుంచి 39 డిగ్రీల పట్టీని కూడా హైదరాబాదు చేతికి తీసుకుంది. 1920ల చివర నుంచి 1930ల దాకా ఆ పలకలు తీశారు.

ఆ పట్టీ సరిగ్గా హంస ఒంటి మీదుగా, సదర్‌కు కొంచెం దిగువన, మెడ మొదలయ్యే చోటు గుండా పోతుంది. అభిజిత్తు కూడా అందులోనే ఉంది. అంటే బేగంపేటలో కూర్చుని మనవాళ్లు హంసను పలక తర్వాత పలకగా ఫొటో తీశారు. తర్వాత ఒక్కో పలకను సూక్ష్మదర్శిని కింద పెట్టి, అయిదు మిల్లీమీటర్ల గళ్ల మధ్య ప్రతి చుక్క ఎక్కడుందో కంటితో కొలిచి, చేత్తో రాశారు. హైదరాబాదులో అలా కొలిచిన నక్షత్రాలు ఏడు లక్షలకు పైమాటే. కంప్యూటర్లు లేవు. ఆ పుస్తకాలు దశాబ్దాలు అరల్లో ఉండిపోయాయి. తర్వాత 2000లో వచ్చిన టైకో-2 అనే నక్షత్ర పట్టికను తయారు చేసినప్పుడు, 25 లక్షల నక్షత్రాలు ఇన్నేళ్లలో ఎంత జరిగాయో లెక్కగట్టడానికి ఆ పాత పలకల కొలతలు అక్కరకొచ్చాయి. ఆ పట్టికకు కొలతలిచ్చిన ఉపగ్రహం చెప్పేది ఇప్పుడు నక్షత్రం ఎక్కడుందో. అప్పుడు ఎక్కడుండేదో హైదరాబాదు లాంటి చోట్ల వంగి కొలిచిన కళ్లు చెప్పాయి.

జరగడం అన్నానా, ఆ పట్టీలోనే దానికి గొప్ప ఉదాహరణ ఉంది. 61 సిగ్ని అనే మసక నక్షత్రం. ఇటలీ శాస్త్రవేత్త పియాజీ దీనికి ఎగిరే నక్షత్రమని పేరు పెట్టాడు. ఏడాదికి అయిదు ఆర్క్ సెకన్లకు పైగా జరుగుతుంది. పారిస్ పథకంలో నిర్దేశించిన కొలతతో తీసిన గాజు పలకల మీద చూస్తే పన్నెండేళ్లకు ఒక మిల్లీమీటరు. అంత వేగంగా కదులుతోందంటే దగ్గర్లోనే ఉండాలని జర్మన్ శాస్త్రవేత్త బెసెల్ ఊహించి, 1838లో దాని దూరం కొలిచాడు. సూర్యుణ్ణి మినహాయిస్తే మనిషి దూరం కొలిచి ప్రకటించిన మొదటి నక్షత్రం ఇదే. బెసెల్‌కు వచ్చిన లెక్క 10.3 కాంతి సంవత్సరాలు, ఇప్పటి లెక్క 11.4. అదే హంస తోక డెనెబ్ దూరానికి 1,400 నుంచి 2,600 కాంతి సంవత్సరాల దాకా లెక్కలున్నాయి. అంత దూరాన ఉండి కూడా ఆకాశంలోని ఇరవై ప్రకాశవంతమైన చుక్కల్లో చోటు దక్కించుకుందంటే అదెంత బ్రహ్మాండమైన నక్షత్రమో ఊహించండి.

ముక్కు దగ్గరి ఆల్బిరియోను చిన్న టెలిస్కోప్‌లో చూస్తే రెండుగా విడిపోతుంది. ఒకటి పసిడి రంగు, పక్కన నీలం. మెడ మధ్యలో ఈటా అనే నక్షత్రం పక్కన, చంద్రబింబం వెడల్పంత దూరంలో, తొమ్మిదో ప్రకాశ తరగతి చుక్క ఒకటుంది. కంటికి కనబడదు గానీ, ఊరి బయట తీసిన 64 ఫొటోలు పేరిస్తే పడుతుంది. అది సిగ్నస్ ఎక్స్-1కు జంట నక్షత్రం. అయిదున్నర రోజులకొకసారి ఒక కృష్ణబిలంతో కలిసి తిరుగుతోంది. 1964లో రాకెట్ మీద పంపిన పరికరం దాని ఎక్స్ కిరణాలను పసిగట్టింది. అది కృష్ణబిలం కాదని స్టీఫెన్ హాకింగ్ 1974లో కిప్ థోర్న్‌తో పందెం కట్టి, 1990లో ఓటమి ఒప్పుకున్నాడు. సూర్యుడికి 21 రెట్ల బరువని 2021లో లెక్క తేలింది. మన ఆస్ట్రోశాట్ కూడా ఈ కృష్ణబిలపు ఎక్స్ కిరణాలను శోధించింది. 2015 సెప్టెంబరు 28న ఆ ఉపగ్రహం ఎగిరింది ఎక్కడి నుంచి? శ్రీహరికోట నుంచి. చుట్టూ పులికాట్ సరస్సు. చలికాలంలో ఆ సరస్సుకు వేలాదిగా వచ్చే ఫ్లెమింగోలను తెలుగులో పిలిచే పేరు కూడా రాజహంసలే.

పక్షులకూ చుక్కలకూ సంబంధం పేరు దగ్గరే ఆగదు. అమెరికా శాస్త్రవేత్త స్టీఫెన్ ఎమ్లెన్ 1960లలో ఇండిగో బంటింగ్ అనే చిన్న పిట్టలను ప్లానెటేరియంలో పెట్టి చూశాడు. కృత్రిమ ఆకాశం కింద కూడా అవి వలస దిక్కుకే ఎగరబోయాయి. ఆకాశాన్ని ఎన్నడూ చూపించకుండా పెంచిన పిల్లలకు, ఆర్ద్రా నక్షత్రాన్ని ఇరుసుగా చేసి తిరిగే తప్పుడు ఆకాశం చూపించాడు. పెద్దయ్యాక అవి ఆర్ద్రనే ఉత్తరమనుకున్నాయి. అంటే ఆ పిట్టలు ఏ చుక్క పేరూ పుట్టుకతో తెచ్చుకోవు. ఆకాశంలో తిరగని చోటు ఏదో చిన్నతనంలోనే చూసి నేర్చుకుంటాయి. అది వాటికి అవసరం కూడా. భూమి ఇరుసు నెమ్మదిగా దిశ మారుతోంది. మరో ఎనిమిది వేల ఏళ్లకు ఉత్తర ధ్రువం డెనెబ్ దగ్గరికి చేరుతుంది. అప్పటి పిట్టల పిల్లలు హంస తోకను ఇరుసు చేసుకుని దారి నేర్చుకుంటాయి. పెద్దబాతులు తల్లిదండ్రులతో కలిసి ఎగిరి దారి నేర్చుకునే జాతి. అయినా రాత్రిపూట కొండలు దాటే పక్షికి చీకటి ఎంత విలువైనదో వేరే చెప్పాలా? న్యూయార్క్‌లో సెప్టెంబరు 11 జ్ఞాపకార్థం ఆకాశంలోకి వదిలే దీపస్తంభాల చుట్టూ వలస పక్షులు వేలల్లో చిక్కుకుని తిరుగుతుంటే, దీపాలు ఆర్పిన కొద్ది నిమిషాల్లో చెదిరి తమ దారి పట్టాయని 2017లో వచ్చిన అధ్యయనం చెప్పింది.

వేధశాలలూ ఆ పక్షుల్లాగే వెలుగుకు దూరం జరిగాయి. హైదరాబాదు దీపాలు పెరిగాక కొత్తగా తెచ్చిన 48 అంగుళాల టెలిస్కోప్‌ను బేగంపేటలో పెట్టలేక ఊరికి దూరంగా రంగాపూర్‌లో నిలబెట్టారు. బేగంపేటలో పాత గుమ్మటాలు ఇప్పటికీ ఉన్నాయి, చుట్టూ ఫ్లైఓవర్లు, హోర్డింగుల వెలుగు. ఆ వేధశాల ఉద్యోగి కొడుకే ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు. ఆయన నిర్మించిన భారతీయ ఖగోళ భౌతిక శాస్త్ర సంస్థ ఇప్పుడు లడఖ్‌లోని హాన్లేలో, 4,500 మీటర్ల ఎత్తున టెలిస్కోప్ నడుపుతోంది. 2022లో అక్కడి ఆకాశాన్ని చీకటి సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అది చాంగ్‌థాంగ్ అభయారణ్యంలో ఉంది. ఆ చాంగ్‌థాంగ్ సరస్సుల ఒడ్డున వేసవిలో గూళ్లు కట్టే పక్షుల్లో మన చారల తల రాజహంస ఒకటి.

మహాలయ అమావాస్య నాటికి వానలు తెరిపిస్తే, ఆ రాత్రి ఎనిమిదింటికి డాబా మీది లైటు ఆర్పి, పది నిమిషాలు కళ్లు చీకటికి అలవాటు పడనిచ్చి, ఉత్తరానికి తిరిగి తల పైకెత్తండి. దక్షిణాన శ్రవణం, పడమర అభిజిత్తు, నడినెత్తికి కొంచెం ఇటుగా డెనెబ్. పక్క క్వార్టరు వాళ్లను కూడా పిలిచి, ఆ పది నిమిషాలు వాళ్ల బయటి లైటు కూడా ఆర్పమని అడగండి. రెండు నెలలు ఆగితే రెండో హంస గిధ్వా చెరువుకు వస్తుంది.